చలికాలంలో ఒక్కరే ప్రాగ్‌లో కెమెరాతో తిరగాలంటే: తిరుపతి, చిత్తూరు వాళ్ళ కోసం

క్రిస్మస్ సెలవులకో సంక్రాంతి సెలవులకో యూరప్ పోవాలి, అదీ ఎవరి తోడూ లేకుండా ఒక్కళ్ళే పోవాలి, కెమెరా తీసుకుపోవాలి అని మన తిరుపతి, చిత్తూరు వైపు నుంచి అడిగేవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు, ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకేచోట రాస్తున్నాను. నేను రాసేది చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్ గురించి. మొదటిసారి పోయేవాళ్ళకి నేను ఆ ఊరే చెప్తాను, ఎందుకంటే పాత ఊరంతా నడిచి తిరగొచ్చు, ట్రామ్‌లు బ్రహ్మాండంగా నడుస్తాయి, చలికాలంలో ఆ ఊరి మొహమే వేరు. వియన్నాకో బుడాపెస్ట్‌కో పోయినా ఇందులో సగానికి పైగా పనికొస్తుంది.

అన్నిటికంటే ముందు, చూడాల్సిన చోట్ల లిస్టు రాసుకోవడం ఆపండి. ముందు ఎండ ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది, ఎటునుంచి వస్తుంది అనేది రాసుకోండి, చోట్లు ఆ తర్వాత వాటంతట అవే సర్దుకుంటాయి. డిసెంబర్ 21 ప్రాంతంలో మధ్యాహ్నం మన తిరుపతిలో సూర్యుడు దాదాపు 53 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, అదేరోజు మధ్యాహ్నం ప్రాగ్‌లో 16, 17 డిగ్రీలే, అంటే మన దగ్గర సాయంత్రం నాలుగున్నర దాటాక వచ్చే ఆ పక్కవాటు ఎండ అక్కడ పట్టపగలు పన్నెండింటికి ఉంటుంది. నీడలు రోజంతా పొడుగ్గానే పడతాయి. పొద్దు పొడిచేది 8 గంటల దగ్గర, కుంకేది 4 గంటల దగ్గర, మొత్తం కలిపి 8 గంటల పగలు. సంక్రాంతి నాటికి సాయంత్రం ఇంకో ఇరవై నిమిషాలు పెరుగుతుంది, అంతే.

ఇది విని చాలామంది అయ్యో అంత చిన్న పగలా, డబ్బులు దండగే కదా అంటారు. కెమెరా పట్టుకున్నవాళ్ళకి మాత్రం ఇంతకంటే మంచి ఏర్పాటు ఇంకోటి ఉండదని నేను గట్టిగా నమ్ముతాను. ఎండాకాలంలో అదే ఊళ్ళో సూర్యోదయం ఫోటో కావాలంటే తెల్లారి 5 కి ముందే బ్రిడ్జి మీద ఉండాలి, రాత్రి దీపాల ఫోటో కావాలంటే 9 దాటేదాకా కాచుకోవాలి. చలికాలంలో హాయిగా ఆరింటికి లేచి కాఫీ తాగి బయల్దేరినా చీకటిగానే ఉంటుంది, సాయంత్రం నాలుగున్నరకల్లా ఆకాశం ముదురు నీలంగా, దీపాలు పసుపుగా వెలుగుతుంటాయి, ఆరింటికల్లా పని ముగించుకుని రూముకి పోవచ్చు. ఒక్కళ్ళే తిరిగేవాళ్ళకి, ముఖ్యంగా అమ్మాయిలకి, ఇది చాలా పెద్ద విషయం, ఎందుకంటే రాత్రి ఫోటోల కోసం నిజంగా అర్ధరాత్రి దాకా బయట ఉండక్కర్లేదు, సాయంత్రం జనం తిరుగుతుండగానే రాత్రి ఫోటోలు అయిపోతాయి. పైగా సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు కాబట్టి సంధ్య వెలుతురు కూడా మనకంటే ఎక్కువసేపు నిలుస్తుంది, మన దగ్గర ఇరవై నిమిషాల్లో చీకటైపోతుంది, అక్కడ అరగంట దాటి ఉంటుంది.

ఇంకో నిజం కూడా చెప్పాలి, ఎండ రోజూ రాదు. వరసగా మూడు నాలుగు రోజులు బూడిదరంగు మబ్బే ఉండొచ్చు. ఆ రోజుల్ని తిట్టుకోకండి, మొహాలు, తలుపులు, తడిసిన రాళ్ళు, ట్రామ్ కిటికీల్లోంచి మనుషులు, ఇవన్నీ మబ్బులోనే బాగొస్తాయి.

ఇప్పుడు రోజు ఎలా గడపాలో చెప్తాను. పొద్దున ఏడుకల్లా రూము వదిలి నేరుగా చార్లెస్ బ్రిడ్జికి పోండి. 1357 లో నాలుగో చార్లెస్ రాజు కట్టడం మొదలెట్టించిన రాతి వంతెన, 516 మీటర్ల పొడవు, రెండు పక్కలా కలిపి 30 విగ్రహాలు. పగలు పదకొండుకి పోతే విగ్రహాలు కాదు కదా పక్కనున్న గోడ కూడా కనపడదు, అంత జనం. ఏడున్నరకి మాత్రం మీరూ, మీలాంటి ఇంకో పదిమంది కెమెరా వాళ్ళూ, పనికి పోయే ఊరివాళ్ళూ అంతే. వంతెన తూర్పు పడమరలుగా ఉంటుంది, చలికాలం సూర్యుడు ఆగ్నేయం నుంచి లేస్తాడు, కొండమీది ప్రాగ్ కోట వాయవ్యంలో ఉంటుంది, కాబట్టి మొదటి ఎండ కోట మొహం మీద సూటిగా పడుతుంది. అంటే ఎనిమిదిదాకా దక్షిణం పక్క విగ్రహాల్ని ఆకాశానికి ఎదురుపెట్టి నల్లగా తీసుకోండి, ఎండ పడంగానే వెనక్కి తిరిగి కోట తీసుకోండి. ఈ వెనక్కి తిరగడం చాలామంది మర్చిపోతారు, ఎర్రటి సూర్యుడినే చూస్తూ ఉండిపోతారు.

అక్కడినుంచి పడమటి ఒడ్డుకి దిగితే నది పక్కన హంసలు గుంపుగా ఉంటాయి, వాటి వెనక వంతెన కనపడుతుంది. వంగి నీళ్ళ మట్టానికి దగ్గరగా కెమెరా పెట్టండి. ఆ తర్వాత చేతులు వణకడం మొదలవుతుంది, ఏదో ఒక కఫేలో దూరి వేడిగా తాగండి, సిగ్గుపడక్కర్లేదు, చలిలో ప్రతి గంటన్నరకీ ఒకసారి లోపలికి పోవాల్సిందే. పది నుంచి రెండు దాకా కోట వైపు పోండి, కోట చుట్టూ కాకుండా దాని వెనక నోవీ స్వెట్ అనే చిన్న సందు ఉంది, పాత చిన్న ఇళ్ళు, గ్రూపు టూర్ల వాళ్ళు అటు పెద్దగా రారు, మంచు పడిన రోజు అక్కడ ఒక్క పూట గడిపినా తక్కువే. కోటలోని పెద్ద చర్చి సెయింట్ వీటస్ కేథడ్రల్ లోపలికి పోతే ఫ్లాష్, ట్రైపాడ్ తీయకండి. గుళ్ళో ఎక్కడ కెమెరా బయటికి తీయాలో ఎక్కడ తీయకూడదో తిరుపతిలో పుట్టినవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.

రెండున్నరకి లెత్నా కొండకి ఎక్కండి. అక్కడినుంచి దక్షిణంగా చూస్తే వల్తావా నది మీద వంతెనలు ఒకదాని వెనక ఒకటి వరసగా కనపడతాయి, సూర్యుడు నైరుతిలో దిగుతుంటాడు కాబట్టి నీళ్ళు మెరుస్తాయి, వంతెనలు నల్లగీతల్లా పడతాయి. అలిపిరి మెట్లు ఎక్కి అలవాటున్న కాళ్ళకి ఆ కొండ ఒక లెక్కే కాదు. నాలుగుకి కిందికి దిగి మళ్ళీ చార్లెస్ బ్రిడ్జికే పోండి. క్రిస్మస్ ముందు వారాల్లో పోయినవాళ్ళకి ఒక అదృష్టం ఉంది, వంతెన మీది గ్యాస్ దీపాల్ని పాతకాలం డ్రెస్సు వేసుకున్న ఒక మనిషి పొడుగు కర్రతో ఒక్కొక్కటీ వెలిగించుకుంటూ పోతాడు, ఆయన వెనకాల గుంపులో పరిగెత్తకండి, నాలుగైదు దీపాలు ముందుకి పోయి నిలబడండి, ఆయనే మీ ఫ్రేములోకి నడుచుకుంటూ వస్తాడు.

మళ్ళీ అదే బ్రిడ్జా అని అడుగుతారు, అవును అదే. ఐదు రోజులు ఉంటే ఐదు రోజులూ పోండి. నేను గట్టిగా చెప్పాలనుకునేది ఇదే, ఊరంతా కవర్ చేయొద్దు, మూడు నాలుగు చోట్లు పెట్టుకుని వాటి దగ్గరికే పొద్దున, మబ్బులో, మంచులో, దీపాల వేళ మళ్ళీ మళ్ళీ పోండి. ఫ్యామిలీతో పోతే ఇది కుదరదు, నిన్న చూసిందే కదా అంటారు, న్యాయమే. ఒక్కళ్ళే పోవడంలో అసలు లాభం ఇక్కడుంది. ఇదే ప్రాగ్‌లో యోసెఫ్ సుదెక్ అని ఒక ఫోటోగ్రాఫర్ ఉండేవాడు, 1896 లో పుట్టి 1976 లో పోయాడు, మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచెయ్యి పోయింది, మిగిలిన ఒక్క చేత్తో ఆ బరువైన పాతకాలం కెమెరాలు మోసుకుంటూ జీవితమంతా ఆ ఊరినే తీశాడు. 1940 నుంచి ఏళ్ళ తరబడి తన స్టూడియో కిటికీ అద్దాన్నే, దానిమీద పట్టిన తేమనీ మంచునీ, బయటున్న ఒక వంకర చెట్టునీ తీస్తూ కూర్చున్నాడు. ఊయెజ్ద్ వీధిలో ఆయన స్టూడియో ఉన్న చోటే ఇప్పుడు చిన్న గ్యాలరీ ఉంది, తప్పకుండా పోండి, ఆ కిటికీ చూసినాక మీరు ఊరిని చూసే పద్ధతి మారుతుంది.

వీసా సంగతి తొందరగా చెప్పేస్తాను. అది షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా, పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు, అప్లికేషన్ తీసుకునే వీసా సెంటర్ సర్వీస్ ఛార్జీ వేరే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి, కానీ డిసెంబర్ ప్రయాణానికి సెప్టెంబర్‌లోనే స్లాట్ చూసుకోండి. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. పాస్‌పోర్ట్ పదేళ్ళలోపు ఇచ్చినదై ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి. మనకి దగ్గరగా చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలో ఎక్కడ స్లాట్ దొరికితే అక్కడ తీసుకోండి. చెన్నై నుంచి దుబాయ్, దోహా, ఫ్రాంక్‌ఫర్ట్‌ల మీదుగా ఫ్లైట్లు కుదురుతాయి.

క్రిస్మస్‌కా సంక్రాంతికా అంటే, మార్కెట్లు, దీపాలు, జనం కావాలంటే డిసెంబర్, ఖాళీ వీధులు, తక్కువ రేట్లు కావాలంటే జనవరి. ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో క్రిస్మస్ మార్కెట్ మామూలుగా జనవరి 6 దాకా ఉంటుంది, అదే స్క్వేర్‌లో 1410 నాటి ఖగోళ గడియారం ఉంది, గంట కొట్టినప్పుడు దాన్ని తీయడంకంటే దానికేసి మొహాలెత్తి చూసే జనాన్ని తీయండి. డిసెంబర్‌లో పోతే ఒకటి గుర్తుంచుకోండి, 24 మధ్యాహ్నం నుంచి 26 దాకా పెద్ద సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, 24 సాయంత్రం హోటళ్ళు కూడా చాలావరకు ఉండవు. 23 నే తిండి కొనిపెట్టుకోండి.

బట్టలు. మన తిరుపతిలో 18 డిగ్రీలకే మంకీ క్యాప్ బయటికి తీస్తాం, అక్కడ సున్నాకి అటూ ఇటూ ఉంటుంది, రాత్రిళ్ళు మైనస్‌లోకి పోతుంది. ఒక్క లావు జాకెట్ కొని దానిమీదే ఆధారపడకండి, ఒంటికి అంటుకునే థర్మల్, దానిమీద ఫ్లీసో ఉన్నిదో, పైన గాలి, తడి ఆపే జాకెట్, ఇలా పొరలు కావాలి, ఎందుకంటే ట్రామ్‌లోనూ కఫేలోనూ హీటర్లు బాగా వేస్తారు, పొర తీసేయలేకపోతే చెమట పట్టి బయటికి రాగానే ఇంకా చలేస్తుంది. కాళ్ళమీద మాత్రం పిసినారితనం వద్దు. పాత ఊరంతా చిన్న చిన్న రాళ్ళు పరిచిన దారులే, వాటిమీద మంచు కరిగి మళ్ళీ గడ్డకడితే అద్దమే, మంచి గ్రిప్ ఉన్న వాటర్‌ప్రూఫ్ బూట్లు కొనండి, కొన్నాక ఇక్కడే పదిహేను రోజులు వేసుకుని తిరగండి. చేతికి సన్న గ్లవ్స్ ఒకటి, దానిమీద వేలికొసలు తెరుచుకునే లావు గ్లవ్స్ ఒకటి. ఆ గ్లవ్స్ వేసుకుని ఇక్కడే కెమెరా ప్రాక్టీస్ చేయండి, చంద్రగిరి కోట దగ్గర సాయంత్రం నిలబడి గ్లవ్స్‌తో లెన్స్ మార్చుతుంటే చూసేవాళ్ళు చూస్తారు, చూడనీయండి, డయల్ ఎటు తిప్పితే ఏమవుతుందో వేళ్ళకి తెలిసిపోవాలి.

కెమెరా విషయంలో నాలుగు ముఖ్యమైనవి ఉన్నాయి. బ్యాటరీ చలిలో తొందరగా దిగిపోతుంది, లోపల జరిగే రసాయన చర్య నెమ్మదిస్తుంది కాబట్టి. కనీసం మూడు బ్యాటరీలు ఉంచుకోండి, కెమెరాలో ఒకటి, మిగతావి లోపలి జేబులో ఒంటికి తగిలేలా. చచ్చిపోయిందనుకున్న బ్యాటరీని జేబులో వెచ్చగా పెడితే మళ్ళీ కొంత లేస్తుంది, పారేసినట్టు బ్యాగులో పడేయకండి. ఫోన్ కూడా అంతే, మ్యాపు దాంట్లోనే ఉంది కాబట్టి లోపలి జేబే దాని చోటు. స్పేర్ బ్యాటరీలు, పవర్ బ్యాంక్ ఫ్లైట్‌లో చేతి బ్యాగులోనే ఉండాలి, చెక్ఇన్‌లో పెట్టకూడదు.

రెండోది తేమ. మన దగ్గర ఏసీ రూములోంచి కెమెరా బయటికి తెస్తే లెన్స్ మీద ఆవిరి కమ్ముతుంది కదా, అక్కడ తిరగబడుతుంది, చలి వీధిలోంచి వెచ్చటి రూములోకి తెచ్చినప్పుడు కమ్ముతుంది, లెన్స్ లోపలికి కూడా పోతుంది. బయట ఉండగానే కెమెరాని పెద్ద జిప్‌లాక్ కవర్లో పెట్టి గాలి తీసి మూసేయండి, రూముకొచ్చాక గంట దాకా తెరవకండి, నీళ్ళు కవర్ మీద పడతాయి, కెమెరా పొడిగా ఉంటుంది. ఫోటోలు వెంటనే చూసుకోవాలనిపిస్తే మెమరీ కార్డు బయటే తీసేసి జేబులో వేసుకుని తర్వాత కవర్ మూయండి. హీటర్ దగ్గర పెట్టి ఆరబెట్టడం మాత్రం అస్సలు చేయొద్దు.

మూడోది మంచు రంగు. తెల్లగా ఉన్నదాన్ని కెమెరా మీటరు బూడిదరంగు అనుకుని ఫోటోని చీకటి చేస్తుంది, కాబట్టి మంచు ఎక్కువున్న ఫ్రేములో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుతురు పెంచే, తగ్గించే సెట్టింగ్) ప్లస్ 1 నుంచి ప్లస్ ఒకటిన్నర దాకా పెట్టండి, వెలుతురు ఎంత పడిందో కెమెరా చూపించే గ్రాఫు, హిస్టోగ్రామ్, కుడి గోడకి తగలకుండా చూసుకోండి. సాయంత్రం నీలం వేళ వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే దీపాల పసుపుని, ఆకాశం నీలాన్ని రెండిటినీ చప్పగా చేస్తుంది, డేలైట్‌లో పెట్టి, రంగులు తర్వాత సర్దుకునే వీలుండే రా ఫైల్ తీయండి. నాలుగోది బరువు. ఒక బాడీ, 35 ఎంఎం లాంటి ఒక చిన్న ప్రైమ్ (జూమ్ లేని లెన్స్), కోటని దగ్గరికి లాక్కోవడానికి ఒక తేలిక టెలీ, చాలు. ట్రైపాడ్ చిన్నది తీసుకుపోండి, అది లేకపోయినా ఎఫ్ 1.8 దగ్గర ఐఎస్ఓ 3200 తో వీధి దీపాల కింద చేత్తోనే తీయొచ్చు. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి, ఊరి నడిబొడ్డున ఎగరేయడానికి లేదు.

తిండి గురించి మా ఇంట్లో అయితే అమ్మ మొదటి ప్రశ్న ఇదే, "ఒక్కదానివే ఆ చలిలో యాడ తిరుగుతావే, ఏం తింటావే" అని. ఊరి తిండి ఎక్కువగా మాంసమే, కానీ శాకాహారులకి స్మాజెనీ సీర్ అనే వేయించిన చీజ్, బంగాళదుంప అట్టు బ్రంబొరాక్ దొరుకుతాయి, కొన్నిచోట్ల సూపు మాంసం నీళ్ళతో చేస్తారు, కాబట్టి "బెజ్ మాసా" అని అడిగి తీసుకోండి, మాంసం లేకుండా అని. ఇండియన్ హోటళ్ళు కూడా ఉన్నాయి. కుళాయి నీళ్ళు తాగొచ్చు. ఇంటినుంచి పప్పుల పొడి, పులిహోర పేస్టు, చింతకాయ పచ్చడి తీసుకుపోండి, కానీ నెయ్యి డబ్బా, పాలకోవా, మటన్ పచ్చడి వద్దు, బయటిదేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు. ఇంట్లోవాళ్ళు ఎంత బతిమాలినా ఇది ముందే చెప్పేయండి. కరెంటు మన 230 వోల్టులే, టూ పిన్ చార్జర్ పడుతుంది, మన త్రీ పిన్‌కి అడాప్టర్ కావాలి.

డబ్బులు అక్కడ కొరునాలు, యూరో కాదు. మన కార్డులో ఇంటర్నేషనల్ వాడకం బ్యాంకు యాప్‌లో ముందే ఆన్ చేసుకోండి, ఏటీఎం "రూపాయల్లో తీసుకోమంటారా" అని అడిగితే వద్దని కొరునాలే నొక్కండి, లేకపోతే వాళ్ళకిష్టమొచ్చిన రేటు వేస్తారు. ట్రామ్ టికెట్ కాగితానిదైతే ఎక్కంగానే మిషన్లో పెట్టి స్టాంపు వేయించాలి, యాప్‌లో కొంటే యాక్టివేట్ చేయాలి, కొన్నా చేయకపోతే ఫైన్ పడుతుంది. కోట వైపు పోయే 22 నంబర్ ట్రామ్ ఊరు చూడ్డానికి చాలా బాగుంటుంది, జేబుదొంగలకీ అదే ఇష్టం, బ్యాగు ముందుకి వేసుకోండి, కెమెరా బెల్టు జాకెట్ కిందినుంచి పోనీయండి.

మనుషుల్ని తీసేటప్పుడు ముందు నవ్వి "డొబ్రీ డెన్" (నమస్కారం) అనండి, కెమెరా చూపించి కళ్ళతో అడగండి, వద్దంటే "దెకుయి" (థాంక్స్) అని చెప్పి వచ్చేయండి. వాళ్ళు మనలాగా ఊరికే పలకరించరు, మొహం గంటుపెట్టుకున్నట్టు ఉంటారు, అది కోపం కాదు, రెండోరోజు అదే కఫేకి పోతే తలూపుతారు, మూడోరోజు మాట్లాడతారు. ఒంటరితనం అనిపించేది సాయంత్రం ఐదింటికి, చీకటి పడి పని అయిపోయినప్పుడు. అప్పుడు ఇంటికి ఫోన్ చేయండి, మనకి వాళ్ళకి చలికాలంలో నాలుగున్నర గంటల తేడా, అక్కడ ఐదైతే ఇక్కడ తొమ్మిదిన్నర, అన్నాలు తిని ఖాళీగా ఉంటారు. రేపు ఎటు పోతున్నారో అప్పుడే చెప్పేయండి, హోటల్ అడ్రసు ఇంట్లో ఒకరి దగ్గర ఉంచండి. ఎమర్జెన్సీ నంబర్ 112. మన ఎంబసీ ప్రాగ్‌లోనే ఉంది, ఫోన్ నంబర్ కాగితం మీద రాసుకోండి, ఫోన్ బ్యాటరీ చలికి పోతే పనికొస్తుంది.

రాత్రి పడుకునేముందు ఫోటోలు రెండుచోట్ల కాపీ చేయండి, ఒకటి హార్డ్ డిస్కులో, ఇంకోటి ఫోన్‌లోనో క్లౌడ్‌లోనో, కార్డులు ఖాళీ చేయకుండా అలాగే ఇంటికి తెచ్చుకోండి. కెమెరా ఖరీదైనదైతే పోయేటప్పుడే చెన్నై ఎయిర్‌పోర్ట్‌లో కస్టమ్స్ వాళ్ళకి కెమెరా, లెన్సుల సీరియల్ నంబర్లు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి, వచ్చేటప్పుడు ఇది కొత్తగా కొన్నారా అనే ప్రశ్నే రాదు. దానికోసం చెక్ఇన్‌కి ఒక గంట ముందుగా చేరుకోండి, ఆ కాగితం, కొన్న బిల్లు కాపీ పాస్‌పోర్ట్‌తో పాటే పెట్టుకోండి.